పూతంతా కాయ కాదు: ఉద్దానం తోటల్లో పువ్వు లెక్క, పిక్క దారి

పుష్యం వెళ్లి మాఘం వచ్చేసరికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడితోటలు పూత మీద ఉంటాయి. ఆ రోజుల్లో ఏ ఇద్దరు రైతులు ఎదురుపడినా మాట ఒక్కటే. పూత నిలుస్తుందా, మంచుకు మాడిపోతుందా అని. చెట్టు కింద రాలిన పూలు పరుచుకుని కనిపిస్తే గుండె జారుతుంది. మంచు, టీదోమ అనే రసం పీల్చే పురుగు పూతను దెబ్బతీసే మాట నిజమే. అయితే నేల మీద కనిపించే పూలలో చాలా మటుకు ఏ తెగులూ తగలకపోయినా రాలేవే. జీడి గుత్తిలో మగపూలే ఎక్కువ. వాటికి కాయ కట్టే అండాశయం పని చేసే స్థితిలో ఉండదు. పుప్పొడి ఇచ్చి రాలిపోవడమే వాటి పని. రెండు పనులూ చేయగల ద్విలింగ పూలు అదే గుత్తిలో వాటి మధ్య తక్కువ సంఖ్యలో ఉంటాయి. కాయ వాటికే పడుతుంది, అదీ అన్నింటికీ కాదు.

ఒక పువ్వును దగ్గరగా పట్టి చూస్తే ఈ ఏర్పాటు తెలుస్తుంది. గోరంత కూడా లేని ఐదు రేకులు, విచ్చిన రోజు పాలిపోయిన తెలుపు, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతాయి. లోపల కేసరాలు చాలానే ఉన్నా వాటిలో ఒకటి మాత్రం మిగతావాటిని దాటి పొడుగ్గా బయటికి పొడుచుకొస్తుంది. దాని కొసన పుప్పొడి తిత్తి. ద్విలింగ పువ్వులో దానికి దగ్గర్లోనే అండాశయం మీంచి లేచే సన్నని కాడ, కీలం, ఉంటుంది. కీలం కొసన ఉండే కీలాగ్రం మీద పుప్పొడి పడాలి. ఆ పుప్పొడి గాలికి తేలికగా లేచేది కాదు, అంటుకునే రకం. మోసుకెళ్లడానికి తేనెటీగో, ఈగో, చీమో రావాల్సిందే. అంటే రైతు ఏడాదంతా చేసిన దుక్కి, వేసిన ఎరువు, పెట్టిన కాపలా అన్నీ చివరికి ఒక చిన్న పురుగు కాలి మీద ఆధారపడి ఉంటాయి.

పూల మొక్కల బతుకును అర్థం చేసుకోవడానికి ఇక్కడే ఒక మాట విడదీసి చెప్పుకోవాలి. కాలు కదపలేని చెట్టు తన వంశం కోసం రెండు ప్రయాణాలు చేయించుకుంటుంది. మొదటిది పుప్పొడి ప్రయాణం, ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు. రెండోది విత్తు ప్రయాణం, తల్లి నీడ నుంచి బయటికి. రెండింటికీ మోసేవాళ్లు వేరు, ఇచ్చే కూలి వేరు. వ్యవసాయం పేరుతో మనిషి రెండో ప్రయాణాన్ని తన చేతుల్లోకి తీసుకుని వేల ఏళ్లయింది. మొదటిది మాత్రం ఇప్పటికీ చాలా పంటల్లో ఈగలు, తేనెటీగల చేతిలోనే ఉంది. తోట ఖర్చుల లెక్కలో మాత్రం వాటికి చోటు లేదు.

మామిడినే చూడండి. విజయనగరం జిల్లాలో సువర్ణరేఖ, బంగినపల్లి తోటలు పూతకొచ్చినప్పుడు ఆకు కనిపించదు. జీడి, మామిడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. అందుకే పూతలో పోలికలున్నాయి. ఇక్కడా ఒకే గుత్తిలో మగపూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి. ఐదు కేసరాల్లో సాధారణంగా ఒక్కటే పుప్పొడి ఇస్తుంది. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల పూలు విచ్చుతాయి, అందులో పండు దాకా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఇది నష్టం కాదు, ఆ చెట్టు పద్ధతే అంత. గుత్తిలో ఉన్న పూలన్నీ కాయలైతే కొమ్మ మోయలేదు.

మామిడికి పుప్పొడి మోసేవాటిలో ముఖ్యమైనవి ఈగలు. ఇంట్లో విసుక్కుంటూ తోలే మామూలు ఈగలతో సహా. తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కొట్టక తప్పదు గానీ పూలు పూర్తిగా విచ్చుకున్న వారంలో పురుగు మందు పిచికారీ చేస్తే చచ్చేది తేనెమంచు పురుగు ఒక్కటే కాదు. మొగ్గ దశలో ఒకసారి, పిందె కట్టాక ఒకసారి కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. ఈ సలహా వినని చోట పూత బాగా వచ్చి కాపు పలచబడితే ఆ తప్పు మంచు నెత్తిన పడుతుంది.

కవిటి, కంచిలి వైపు వెళ్తే లెక్క ఇంకోలా ఉంటుంది. కొబ్బరి గెలలో మగ, ఆడ పూలు రెండూ ఉన్నా ఒకేసారి పని చేయవు. పూగుత్తిని కప్పి ఉంచే పొత్తి పగిలాక ముందు రెమ్మల పైభాగాన ఉన్న వేలాది మగపూలు వరుసగా విచ్చుకుంటూ దాదాపు మూడు వారాలు పుప్పొడి రాలుస్తాయి. అవి అయిపోయాక అడుగున బొత్తాముల్లా ఉన్న పాతిక ముప్పై ఆడపూలు తయారవుతాయి. అప్పటికి సొంత పుప్పొడి ఉండదు. పక్క చెట్టు నుంచి రావాలి. పొడుగు రకాల్లో ఇలా చెట్టు తనతో తాను సంపర్కం కాకుండా కాలం అడ్డం పెట్టుకుంటుంది. పొట్టి రకాల్లో ఈ రెండు దశలూ కలుస్తాయి కాబట్టి సొంత పుప్పొడితోనే పిందె పడుతుంది.

ఆడపువ్వు ముదురు కాయ కావడానికి ఏడాది పడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన చెట్ల సంగతి అందరికీ తెలుసు. కూలని చెట్లదీ కథ ఉంది. మొవ్వు చుట్టూ ఉన్న గెలలు, పొత్తులు విరిగిపోయిన చెట్టు నిలబడి ఉన్నా, ఆ పొత్తుల నుంచి రావాల్సిన ఏడాది కాపు అప్పటికే పోయినట్టే. కొత్తగా నాటిన పొడుగు రకం మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి.

సంకరం కోసం చెట్టు చేసే మరో ఏర్పాటు, మగ ఆడ చెట్లే వేరుగా ఉండటం. తాటిలో పోతుతాడు, పెంటితాడు సంగతి పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. ముంజెలు పెంటితాడుకే. అయితే ఏ మొక్క ఏదవుతుందో పూతకొచ్చేదాకా, అంటే పన్నెండు పదిహేనేళ్లు దాటేదాకా చూసి చెప్పలేరు. ఇచ్ఛాపురం, సోంపేట తీరాన ఇసుక గట్ల మీద పెరిగే మొగలి కూడా ఇలాంటిదే. తలలో పెట్టుకునే వాసన రేకులు మగ పొద పూతవి. ఆడ పొదకు అనాసలా కనిపించే గుండ్రటి కాయ కాస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పుప్పొడి కీలాగ్రం మీద పడగానే పని అయిపోదు. ఆ రేణువు అక్కడే మొలకెత్తినట్టు సన్నని గొట్టం వేసి, కీలం లోపలగా దిగి అండాన్ని చేరుతుంది. గొట్టంలో రెండు మగ కణాలు ప్రయాణిస్తాయి. వాటిలో ఒకటి అండకణంతో కలిసి పిండమవుతుంది. రెండోది పక్కనే ఉన్న మరో రెండు కేంద్రకాలతో కలిసి ఆ పిండానికి తిండి తయారుచేసే కణజాలమవుతుంది. దీన్నే అంకురచ్ఛదం అంటారు. ఈ రెండు కలయికలూ జరుగుతాయని 1898లో రష్యా శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ లిల్లీ జాతి మొక్కల్లో కనిపెట్టాడు. బిడ్డతో పాటు బిడ్డ పాలు కూడా ఫలదీకరణ తర్వాతే మొదలు కావడం పూల మొక్కల ప్రత్యేకత. ఫలించని అండం మీద తిండి వృథా కాదు.

ఆ అంకురచ్ఛదాన్ని ఉద్దానంలో గ్లాసులో పోసుకుని తాగుతారు. లేత కొబ్బరి నీళ్లు అంటే గోడలు కట్టుకోని కేంద్రకాలు తేలాడే అంకురచ్ఛదమే. కాయ ముదిరేకొద్దీ చిప్ప లోపలి అంచున కణాలు గోడలు కట్టుకుని కొబ్బరి పేరుకుంటుంది. ముంజె కూడా అదే పదార్థం, గట్టిపడక ముందు. బియ్యపు గింజలో తెల్లగా ఉండేదీ అదే. జీడిపప్పు మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ అంకురచ్ఛదం పెరిగే పిండానికి ఆహారమై దాదాపు అయిపోతుంది. నిలవంతా బీజదళాల్లోకి చేరుతుంది. పలాస మిల్లుల్లో గుండు, బద్ద అని వేరుచేసి రేటు కట్టే పప్పులో ఆ రెండు బద్దలూ మొక్క మొదటి ఆకులే. గుండును విడదీస్తే ఒక కొసన రెండు బద్దల మధ్య ఇరుక్కుని చిన్న ములుకు కనిపిస్తుంది. వేరు, కాండం కావలసింది అదే.

పనసకాయ కోసినప్పుడు ఇంకో వింత చూడవచ్చు. అది ఒక కాయ కాదు, వందల పూలు కలిసి కట్టిన కాయ. పుప్పొడి అందిన ప్రతి ఆడపువ్వూ ఒక తొన అవుతుంది. తొనల మధ్య పీకి పారేసే పీచు పట్టెలు పుప్పొడి అందని పూలు. కాయ ఒక పక్క సొట్టపడి, లోపల తొనలు తక్కువై పీచు ఎక్కువగా ఉంటే ఆ పక్క పూలకు సంపర్కం సరిగా జరగలేదన్నమాట. మొక్కజొన్న పొత్తులోనూ ఇంతే. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. మొక్క కొసన ఉండే మగపూల జల్లు నుంచి రాలిన పుప్పొడి ఏ పోగు మీద పడలేదో ఆ గింజ చోటు బోసిగా ఉండిపోతుంది.

వరికి మాత్రం ఈ బెడద తక్కువ. వెన్ను సుంకు మీద ఉన్నప్పుడు పొద్దుటి పూట, ఎండ కాస్త ముదిరే వేళకు పొట్టు రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది. తెరుచుకునే సమయానికే పుప్పొడి సొంత కీలాగ్రం మీద రాలుతుంది. కాసేపట్లో మూసుకుపోతుంది. ఇతరుల అవసరం దాదాపు లేదు. రాగోలు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు లాంటి రకాన్ని రైతు తన గింజ తానే కట్టుకుని మళ్లీ చల్లినా ఇంచుమించు అదే రకం వస్తుందంటే కారణం ఇదే. బలహీనత కూడా అక్కడే ఉంది. ఆ పూట జోరువాన పట్టుకుంటే పుప్పొడి తడిసి పాడవుతుంది, వెన్నులో తాలు గింజలు మిగులుతాయి. అక్టోబరు తుపానులు వరిని పడగొట్టకపోయినా దిగుబడి తగ్గించడం ఇలాగే.

మోసేవాడిని పట్టి బిగించే పువ్వు చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. రథసప్తమికి అరసవల్లి వెళ్లే భక్తులు తల మీద పెట్టుకునే జిల్లేడు ఆకులు ఏ మొక్కవో ఆ మొక్క పువ్వే. జిల్లేడులో పుప్పొడి పొడిగా ఉండదు. మైనపు ముద్దలుగా ఉంటుంది. రెండేసి ముద్దలు ఒక చిన్న నల్లటి క్లిప్పుకు వేలాడుతుంటాయి. నడుమ ఉన్న ఐదు పలకల కిరీటం పక్కన సన్నని చీలికలున్నాయి. తేనె కోసం వాలిన నల్లటి పెద్ద తుమ్మెద కాలు ఆ చీలికలోకి జారుతుంది. లాక్కునేటప్పుడు క్లిప్పు కాలికి తగులుకుని ముద్దలతో సహా ఊడి వస్తుంది. తర్వాతి పువ్వు చీలికలో ఆ ముద్ద ఇరుక్కుని తెగిపోతే సంపర్కం జరిగినట్టు. బలం లేని చిన్న పురుగులు కాలు లాక్కోలేక అక్కడే చస్తాయి. మేడి, మర్రి, రావి చెట్లయితే ఒక్కో జాతికీ ఒక్కో రకం చిన్న కందిరీగను పోషిస్తాయి. మేడిపండు లోపలి పురుగుల మీద మన సాహిత్యం అంత కోపం చూపించింది గానీ అవి లేకపోతే మేడికి విత్తనమే లేదు.

ఇక రెండో ప్రయాణం. జీడిపండు చేసే పని ఎంత తెలివైనదో దాన్ని పండు అని పిలిచే అలవాటులో కనిపించదు. ఫలదీకరణ కాగానే ముందు పెరిగేది పిక్క. అది పూర్తి సైజుకు వచ్చి గట్టిపడటం మొదలయ్యాక దాని కాడ ఉబ్బి, రసం పట్టి, ఎర్రగానో పసుపుగానో రంగు తిరుగుతుంది. మనం తినేది ఆ కాడ. అసలు కాయ దాని కొసన వేలాడే పిక్క. ఆ పిక్క తొక్కలో ఒళ్లు కాల్చే నూనె ఉంటుంది. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి తోలు ఊడేది దానితోనే. గబ్బిలానికి, కోతికి, ఎలుగుకు చెట్టు ఇచ్చే సందేశం స్పష్టం. తీపి తిను, పిక్క వదిలెయ్. బ్రెజిల్ అడవుల్లో దీనికి అలవాటైన పద్ధతి ఇది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడలో ఎక్కించి మన దేశానికి తెచ్చారు కాబట్టి ఆ ఒక్క మజిలీ మాత్రం మనిషి మోశాడు.

ఉద్దానంలో ఎలుగుబంట్ల భయం అందరికీ తెలిసిందే. జీడిపండు, పనసపండు మాగే నెలల్లో తోటల్లోకి వాటి రాక ఎక్కువ. మనుషులకు ప్రాణం మీదికి వచ్చే సందర్భాలున్నాయి కాబట్టి ఆ భయాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. విత్తనం వైపు నుంచి చూస్తే మాత్రం ఎలుగు మంచి కూలి. రేగు, రేల, నేరేడు లాంటి కాయలు తిని మైళ్ల దూరంలో పేడతో పాటు విత్తనాన్ని దించుతుంది. ఒడిశా అడవుల నుంచి దిగి పార్వతీపురం మన్యంలో తిరిగే ఏనుగులు కూడా పనస, తాటి పండ్లను అలాగే మోస్తాయి. తాటిపండంత పెద్దదాన్ని మింగి అంత దూరం తీసుకెళ్లగలిగేది ఏనుగు తప్ప ఈ ప్రాంతంలో వేరే జంతువు లేదు. పనస పిక్కకు తొందర ఎక్కువ. ఎండితే చచ్చిపోతుంది, నిలవ ఉండదు. పండు మాగిన కొన్ని వారాల్లోనే తడి నేల దొరకాలి. వరి గింజ ఎండాకే భద్రం, కాబట్టి అది గాదెలో నెలల తరబడి ఆగగలదు.

గాలిని నమ్ముకున్నవి వేరే ముస్తాబులో వస్తాయి. తీరం పొడవునా పెంచే సరుగుడు విత్తుకు పల్చటి రెక్క ఉంటుంది. బూరుగు, జిల్లేడు దూది కట్టుకుంటాయి. మోదుగ కాయ అట్టముక్కలా తేలికై, కొసన ఒక్క విత్తుతో గాలికి తిరుగుతూ పడుతుంది. జంతువు ఒంటిని, మనిషి పంచెను పట్టుకునే ఉత్తరేణి ఏ కూలీ ఇవ్వదు, దొంగ ప్రయాణం చేస్తుంది. ఆముదం కాయ ఎండాక టప్పున పగిలి గింజను విసురుతుంది. గింజ కొసన ఉన్న తెల్లటి బుడిపె కోసం చీమలు దాన్ని పుట్ట దాకా ఈడ్చుకెళ్తాయి, బుడిపె తిని గింజ వదిలేస్తాయి. కొబ్బరికాయకు పీచు పడవ. ఉప్పు నీళ్లలో వారాల తరబడి తేలి, ఒడ్డున ఇసుకలో మూడు కళ్లలో మెత్తటి కన్ను నుంచి మొలకెత్తగలదు.

తాటి టెంక చేరిన చోట చేసే పని ప్రత్యేకం. మొలక పైకి రాదు, కిందికి దిగుతుంది. టెంక నుంచి ఒక గొట్టం మట్టిలోకి దిగి, పిండాన్ని లోతున దాచి, అక్కడ తేగ కడుతుంది. ఎండలకు, మంటలకు, పశువుల మూతికి అందకుండా ఉండే ఏర్పాటు. టెంకలు పాతర వేసి, సమయానికి తవ్వి తీసే తేగలు ఆ దాచుకున్న తిండే. తేగను చీలిస్తే నడుమ పిల్లలు చందమామ అని తినే లేత ఆకు, టెంక పగలగొడితే బుర్రగుంజు. బుర్రగుంజు అంటే మొలక బీజదళం ఉబ్బి, టెంకలోని తిండిని పీల్చుకునే స్పంజి.

మనిషి ఈ దారి మీదికి వచ్చాక మొక్కల తీరు మారింది. అడవి వరి పండగానే గింజ రాల్చేస్తుంది, దాని వ్యాప్తికి అదే మంచిది. రాలకుండా వెన్నుకే అంటిపెట్టుకున్న గింజలు కోత కోసేవాడి చేతికి వచ్చాయి, మళ్లీ మళ్లీ అవే విత్తారు. చివరికి తనంతట తాను వ్యాపించలేని వరి మిగిలింది. సీతంపేట కొండల్లో పండే అనాస పిలకలతో, పసుపు కొమ్ములతో సాగుతాయి. వాటికి విత్తనంతో పనే లేదు. మామిడి టెంక పాతితే తల్లి రుచి రాదని, సంకరంలో తండ్రి ఎవరో తెలియదని మనవాళ్లు అంటు పద్ధతి పట్టుకున్నారు. సువర్ణరేఖ చెట్లన్నీ ఒక్క చెట్టు కొమ్మలే అనుకోవచ్చు. రుచి ఖాయమైంది. కానీ టెంక నుంచి పెరిగే ప్రతి మొక్కా కొత్త కలయిక. తెగులుకు తట్టుకునే కొత్త గుణం ఏదైనా రావాలంటే అక్కడి నుంచే రావాలి. మంచి రుచి ఉన్న నాటు చెట్టును రోడ్డు వెడల్పు కోసం కొట్టేసినప్పుడు పోయేది నీడ ఒక్కటే కాదు.

రెండు ప్రయాణాలను విడదీసి చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పెరుగుతున్న పామాయిల్ తోటలు చాలు. ఆయిల్‌పామ్ ఆఫ్రికా చెట్టు. మనుషులు దాని గింజను సముద్రాలు దాటించారు గానీ దాని పుప్పొడి మోసే చిన్న ముక్కు పురుగును అక్కడే వదిలేశారు. ఫలితంగా మలేషియాలో ఏళ్ల తరబడి కూలీలను పెట్టి చేత్తో పుప్పొడి చల్లించారు. 1981లో ఆ పురుగును ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలాక గెల నిండింది, కూలి ఖర్చు పోయింది. మన దేశంలోకి అది 1985లో కేరళ తోటలకు వచ్చింది, అక్కడి నుంచి మిగతా రాష్ట్రాలకు పాకింది. ఆ పురుగు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది పుప్పొడి రాల్చేసి వాడిపోయిన మగ పూగుత్తుల్లోనే. కాపుకు వచ్చిన తోటలో గెల పట్టని ఆ ఎండు గుత్తులను శుభ్రం పేరుతో కోసి కాల్చేస్తే తర్వాతి నెలల్లో పుప్పొడి మోసేవాళ్లు తగ్గుతారు.